గంధం పూసిన తాళం

మా పాలిటెక్నిక్‌లో ఆసిలోస్కోపు ఒకటి ఉండేది, కరెంటు తీరుని తెర మీద అలలాగా చూపించే మిషన్. అద్దాల బీరువాలో, పసుపుపచ్చ గుడ్డ కప్పి పెట్టేవాళ్ళు. చదువు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ముగిసేదాకా ఒక్కసారి కూడా నేను దాని మీద చెయ్యి వెయ్యలేదు. బీరువా ముందు చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నిలబడేవాళ్ళం. ల్యాబ్ చూసుకునే ఆయన కర్రతో ఇది ఈ మీట, అది ఆ మీట అని చూపించేవాడు. మేం రికార్డులో దాని బొమ్మ గీసుకునేవాళ్ళం. నా బొమ్మ చాలా బాగుందని మంచి మార్కులు కూడా వేశారు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో నిజం ఆసిలోస్కోపు నా ముందు పెట్టి "ఆన్ చెయ్యమ్మా" అన్నారు. మీట ఎక్కడుందో నాకు బొమ్మలో తెలుసు. చేతికి తెలియదు. వేళ్ళు ఈ మీట మీదికీ ఆ మీట మీదికీ వెళ్ళొచ్చాయి, ఎదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఉద్యోగం అక్కడే పోయింది. సిగ్గు మాత్రం ఇంకా పోలేదు.

అందుకే తమిళనాడులో, కోవిల్‌పట్టిలో పాఠాలు చెప్పే పని దొరికిన రోజే గట్టిగా అనుకున్నాను, నా దగ్గర చదివే పిల్లలెవరూ చేతులు కట్టుకుని నిలబడకూడదని. మాది అరుప్పుకోట్టైలో నేతపని చేసే తెలుగు కుటుంబం. మగ్గం బొమ్మ గీయించి నేత నేర్పినవాళ్ళని నేనెక్కడా చూడలేదు. మా అమ్మ మగ్గంలో నూలుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె చేతికిచ్చేది, నూలు తెంపితే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, మళ్ళీ నాడె చేతికిచ్చేది. ఇంత చిన్న సంగతి చదువుకున్నవాళ్ళకి ఎందుకు ఎక్కదో నాకు అర్థమయ్యేది కాదు.

నేను చేరిన చోటు గురించి పెద్దగా ఊహించుకోకండి. వేరుశనగ మిఠాయి చేసే అంగడి మీద రెండు గదులు, అంతే. కింద రోజంతా బెల్లం పాకం కాగుతూ ఉండేది. ఆ వాసనకి చీమలు మెట్లెక్కి వచ్చి కీబోర్డుల్లో కాపురం పెట్టేవి. పొద్దున్నే వచ్చి కీబోర్డులు బోర్లించి చీమల్ని దులపడం మా మొదటి పాఠం. ఓనరు అంతకు ముందు టైపు నేర్పేవాడు. టైపు మిషన్లు అమ్మి కంప్యూటర్లు కొన్నాడు గానీ, లోపల మాత్రం ఇంకా టైపు మాస్టరే. ఎవరైనా కొంచెం గట్టిగా మీట నొక్కితే, తన వీపు మీద గుద్దినట్టు ఉలిక్కిపడేవాడు.

నన్ను తీసుకున్నది ఒక కొత్త కోర్సు కోసం. అప్పట్లో, రెండువేల సంవత్సరం అటూ ఇటూ, మా చుట్టుపక్కల నూలు మిల్లుల్లోకి కొత్త మిషన్లు దిగుతున్నాయి. ఒక్కో మిషన్‌కీ మెదడులాంటి పెట్టె ఒకటి. పి.ఎల్.సి. అనేవాళ్ళు. ఆ పెట్టె ఏం చెయ్యాలో కంప్యూటర్‌లో బొమ్మగా గీయాలి. అది చూడ్డానికి నిచ్చెనలాగే ఉంటుంది. అటూ ఇటూ రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లు. ఒక్కో మెట్టూ ఒక్కో ఆజ్ఞ. ఈ తలుపు మూసి ఉండి, ఆ మీట నొక్కితే, మోటారు తిరగాలి, అలాగ. గీసిన నిచ్చెనని కేబుల్ గుండా పెట్టెలోకి దింపాలి. ఒక మెట్టు తప్పిందా, మిషన్ మొండికేస్తుంది, మిల్లు మేనేజరు గొంతు చించుకుంటాడు. ఆ నిచ్చెన గీయడం, దింపడం, తప్పు పట్టుకోవడం నేర్పాలి నేను.

నేర్పడానికి మాకున్నది ఒకే ఒక్క పెట్టె. చెక్క మీద బిగించి, పక్కన నాలుగు స్విచ్చులు, చిన్న దీపాలు పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరూ ఒక్కటే. ఆ కంప్యూటర్ వెనకాల బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి గుచ్చి ఉండేది. దాని పేరు తాళం. అది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఎవరూ దొంగతనంగా కాపీ చేసుకోకుండా కంపెనీవాళ్ళు చేసిన ఏర్పాటు. "మిగతావి పోతే ఎక్కడైనా తెచ్చుకోవచ్చు. ఇది పోతే ఏమీ లేదు. మన ప్రాణం ఇక్కడుంది" అని నేను పిల్లలకి రోజూ చెప్పేదాన్ని.

ఓనరుకి నా పద్ధతి గిట్టేది కాదు. "నువ్వు చేసి చూపించు, వాళ్ళు చూసి రాసుకుంటారు. అన్ని చేతులు పడితే అది ఎన్నాళ్ళుంటుంది?" అనేవాడు. "చెయ్యి పడకపోతే అది ఉండీ లేనట్టే కద సార్" అనేదాన్ని నేను. నాకు నోరెక్కువ. కానీ నేను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కేబుల్ ఎంత గట్టిగా నొక్కాలో నల్లబల్ల మీద ఎట్లా రాస్తారు? నిచ్చెన దింపేటప్పుడు ఎర్రదీపం టపటపా కొట్టుకుంటుంది. అప్పుడు కంగారుపడి కేబుల్ లాగేస్తే పెట్టెలో ఉన్నదంతా చెడుతుంది. అదొక మామూలు సంగతి, ఊరికే ఉంటే చాలు అని చేతికి తెలియాలంటే, ఆ దీపం ముందు కూర్చుని ఒకసారి భయపడి తీరాలి. ఎవరైనా వెనకాడితే "చెయ్యి పెట్టు, ఏమీ కాదు" అనేదాన్ని. ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటానో నాకే తెలియదు.

ఆ బ్యాచ్‌లో అరడజను మంది మగపిల్లలు, ఒక్క ఆడపిల్ల. ఆ అమ్మాయిది ఏళాయిరంపన్నై దగ్గర పల్లె, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ చదివింది. చిన్నప్పుడు ఇంట్లో కూలికి అగ్గిపెట్టెల అట్టలు అంటించిన చేతులేమో, వేళ్ళు చకచకా ఆడేవి. కానీ రోజూ ఆలస్యంగా వచ్చేది. ఒకరోజు నాకు కోపమొచ్చి, అందరి ముందూ కడిగేశాను. పాఠం అయ్యాక నీళ్ళ డ్రమ్ము దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది.

"మా అక్కకి తల దువ్వి జడేసి రావల్లక్కా. అది దువ్వుకోలేదు. బాణసంచా షెడ్డులో మందు కూరేటప్పుడు దానికి రెండు చేతులూ కాలిపోయినాయి. వేళ్ళన్నీ ఒకదానితో ఒకటి అంటుకోని ఉండాయి."

డ్రమ్ములోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చాను. తనే మళ్ళీ అంది, మాట నొక్కి చెప్పడానికి తమిళం 'దా' కలిపే మా వైపు తెలుగులో.

"దీపావళి దాకా దా నన్ను చదివేదానికి ఇంట్లో ఒప్పినారు. ఆ లోపల ఏ మిల్లులోనన్నా పని దొరకల్ల. లేకుంటే దీపావళి అయినాక ఆ షెడ్డుకే పోవల్ల. మేస్త్రి ఇంటికొచ్చి చెప్పి పోయినాడు, అక్క కూర్చునే తావు ఖాళీగానే ఉందంట."

ఆ రోజు నుంచీ నాకు ఆ అమ్మాయి చేతులు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. నిచ్చెన గీస్తున్నా, కేబుల్ గుచ్చుతున్నా, నా చూపు ఆ వేళ్ళ మీదే ఉండేది.

అలాంటి సమయంలో విరుదునగర్ అవతల ఒక మిల్లు నుంచి కబురొచ్చింది. అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీరు రిటైరు కావడానికి దగ్గరపడిన మనిషి. నుదుటి మీద విభూతి, చొక్కా జేబులో టెస్టరు. నేను వెళ్ళి కలిస్తే, తమిళంలో చెప్పాడు. "సర్టిఫికెట్లు నాకొద్దమ్మా. పనికొచ్చే చేతులు కావాలి. మిషన్ నిలిపేసి, నిచ్చెనలో ఒక మెట్టు చెడగొట్టి పెడతాను. దాన్ని పట్టుకుని, సరిచేసి, మిషన్‌ని ఎవరు నడిపిస్తే వాళ్ళకి ఉద్యోగం. ఆయుధపూజ అయ్యాక పిల్లల్ని పంపు, దీపావళికి ముందే చేర్చుకుంటాను." ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. నా మాటలు ఇంకొకరి నోట వినడం నాకదే మొదటిసారి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. దీపావళికి ముందు ఉద్యోగం. షెడ్డు మేస్త్రి ఇంకెవరినైనా చూసుకుంటాడు. కోవిల్‌పట్టిలో దిగగానే ఆ సంగతి పిల్లలకి చెప్పాను. మరునాడు పొద్దున చీమల్ని దులపకుండానే కంప్యూటర్ ముందు వరస కట్టారు.

ఆయుధపూజకి నేను మా ఊరు వెళ్ళాను. ఇంట్లో మగ్గానికి పూజ చేస్తాం, ఆ రోజు లేకపోతే అమ్మ ఊరుకోదు. మరునాడు విజయదశమి. పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను. గది చూస్తే నాకే ముచ్చటేసింది. నేలంతా కడిగి ముగ్గులు వేశారు. గుమ్మానికి మామిడాకులు, మూలన మరమరాలు, అరటిపళ్ళు. కంప్యూటర్లన్నిటికీ గంధం బొట్లు. పెట్టెకి చామంతి దండ. మా వైపు పద్ధతి ఏమిటంటే, మనకి తిండి పెట్టే పనిముట్టు ఏదైనా సరే ఆ రోజు దేవుడి ముందు పెట్టాలి, బొట్టు పెట్టాలి, మరునాడు మళ్ళీ పూజ చేసి తీసేదాకా ముట్టకూడదు.

సరస్వతి పటం ముందు అరిటాకు. ఆ ఆకు నడిమధ్యన మల్లెపూలు చుట్టిన చిన్న ముద్ద ఒకటి. దగ్గరికెళ్ళేదాకా అదేమిటో పోల్చుకోలేకపోయాను.

తాళం. కంప్యూటర్ వెనక నుంచి పీకి, పసుపు రాసి, గంధం పూసి, కుంకుమ అద్దారు. ఈ పక్కా, ఆ పక్కా, సూదుల్లాంటి పిన్నులుండే వైపు కూడా. తడి గంధం ఒక పగలూ రాత్రీ ఆ పిన్నుల మధ్యే కూర్చుని ఆరిపోయింది.

"నేను దా పెట్టినానక్కా" అంది ఆ అమ్మాయి, మొహమంతా వెలుగుతూ. "దాంట్లోనే మన ప్రాణం ఉందని మీరే కదా చెప్తా ఉంటిరి. అందుకే దానికి ఎక్కువ పెట్టినాను."

నేను నోరు తెరిచేలోపే హారతిచ్చేశారు. విజయదశమినాడు పని మొదలుపెడితే కలిసొస్తుందని అందరికీ ఆత్రం. ఆ అమ్మాయి తడిగుడ్డతో తాళాన్ని భక్తిగా తుడిచి, నేను ఆగు ఆగు అంటుండగానే కంప్యూటర్ వెనక గుచ్చింది. ఇంకొకడు స్విచ్చి వేశాడు. గంధం వాసనలోంచి సన్నగా ఏదో మాడిన వాసన వచ్చింది. తెర మీద, తాళం కనబడలేదు అని ఇంగ్లీషులో ఒక వరస వచ్చి నిలబడింది.

నేను నేల మీద ముగ్గులోనే కూలబడ్డాను. తిట్టడానికి నోరు తెరిచాను. ఎవరిని తిట్టను? వాళ్ళు దాన్ని పారేయలేదు, పగలగొట్టలేదు. మొక్కారు. నేను చెప్పిన మాట నమ్మి మొక్కారు. ఆ అమ్మాయి మొహంలో వెలుగు మెల్లమెల్లగా ఆరిపోయింది.

మిల్లు పరీక్షకి వారం కూడా లేదు. స్పిరిట్‌తో కడిగాను. పళ్ళు తోముకునే బ్రష్‌తో రుద్దాను. పక్క వీధి బ్యూటీపార్లర్‌లో జుట్టు ఆరబెట్టే మిషన్ అడుక్కొచ్చి, వేడిగాలి పట్టాను. మేడ మీద ఎండలో పెట్టి, కాకి ఎత్తుకుపోతుందేమోనని పక్కనే కాపలా కూర్చున్నాను. గుచ్చిన ప్రతిసారీ అదే వరస. మదురై డీలరుకి ఫోన్ చేస్తే "చందనం పెట్టారా?" అని ముందు పడీపడీ నవ్వాడు. తర్వాత, ఇక్కడ ఏమీ చెయ్యలేం, బొంబాయికి పంపాలి, వాళ్ళు పైదేశానికి రాయాలి, ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేను అని చేతులెత్తేశాడు. మదురైలో అదే సాఫ్ట్‌వేర్ ఉన్న ఇంకో సంస్థవాళ్ళని బతిమాలితే, మా పిల్లలకే చాలడం లేదమ్మా అని ఫోన్ పెట్టేశారు. మా ఓనరు ఒంటికాలి మీద లేచాడు. "చెయ్యి పెట్టు, చెయ్యి పెట్టు అన్నావు. చూడు, ఎంత బాగా పెట్టారో!" నేను బ్రష్ అందుకుని తాళాన్ని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాను.

చేసేది లేక పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్ళాను. సుద్దముక్కతో నేల మీద పెద్ద నిచ్చెన గీశాను. ఒక్కో మెట్టు మీద ఇద్దరిద్దర్ని నిలబెట్టాను. నువ్వు తలుపు, నువ్వు మీట. మీట నొక్కితే చెయ్యి చాపాలి, తలుపు మూస్తే చెయ్యి చాపాలి. చేతులన్నీ కలిస్తే చివర నిలబడినవాళ్ళు మోటారు, గిరగిరా తిరగాలి. ఆ అమ్మాయిని మోటారుగా పెట్టాను. తిరిగింది. అందరూ విరగబడి నవ్వారు, ఆ అమ్మాయి కూడా నవ్వింది. నేను మెట్ల దగ్గరికెళ్ళి గోడకి తల ఆనించి ఏడ్చాను. ఇసకలో ఈత నేర్పుతున్నానని నాకు తెలుసు. వాళ్ళకి ఇంకా తెలియదు. మిల్లులో నిజం పెట్టె ముందు కూర్చున్నప్పుడు, ఎర్రదీపం కొట్టుకోవడం మొదలైనప్పుడు తెలుస్తుంది. ఒకప్పుడు నాకు తెలిసినట్టే తెలుస్తుంది.

మరునాడు విరుదునగర్ బస్సెక్కాను. సాత్తూరులో దోసకాయలమ్మే ఆవిడ కిటికీలోంచి బుట్ట చూపిస్తుంటే ఆవిడ మీద కూడా విసుక్కున్నాను. మిల్లులో ఇంజనీరు ఎదుట నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు, అదొక్కటే మేలు. మీ మిషన్ మీద మా పిల్లల్ని ఒక్కరోజు నేర్చుకోనివ్వండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. నడిచే మిషన్ ఎట్లా ఆపుతానమ్మా అన్నాడు. నేను కదల్లేదు. కాఫీ తాగి వచ్చాడు, అప్పుడూ అక్కడే ఉన్నాను. చివరికి అన్నాడు.

"రేపు వారపు సెలవు, మిషన్లు తుడుస్తారు. అప్పుడొక గంట ఇస్తాను. ఒక్కరిని తీసుకురా."

"ఒక్కరేమిటి సార్? అందరూ..."

"ఒకరి చేతుల్ని కనిపెట్టుకుని ఉండగలను. అందరివీ నావల్ల కాదు. అది పైదేశపు మిషన్, దానికేమైనా అయితే నా ఉద్యోగం పోతుంది."

కోవిల్‌పట్టి చేరేదాకా ఆలోచించాను. నిజానికి ఆలోచించడానికేమీ లేదు. మగపిల్లలకి ఈ మిల్లు కాకపోతే తిరుప్పూరు ఉంది, కోయంబత్తూరు ఉంది, ఎక్కడో ఒకచోట గది తీసుకుని బతుకుతారు. ఆ అమ్మాయికి ఉన్నది ఈ మిల్లు, లేదా ఆ షెడ్డు. పిల్లలందర్నీ కూర్చోబెట్టి సూటిగా చెప్పాను. అందరిలోకి పెద్దవాడు లేచి తమిళంలో అడిగాడు, "చెడగొట్టిందీ ఆమే, వెళ్ళేదీ ఆమేనా, మిస్?" వాడు అడిగిన దాంట్లో న్యాయముంది. ఆ అమ్మాయి అక్క సంగతి నేను బయటపెట్టలేను, అది ఆ అమ్మాయి ఇంటి విషయం. "అవును, ఆమే" అని మాత్రం అన్నాను. వాడు సంచీ తీసుకుని విసురుగా మెట్లు దిగిపోయాడు.

"నేను పోనక్కా" అంది ఆ అమ్మాయి తల వంచుకుని. "నేను దా చెడగొట్టినాను. వాళ్ళు పోనీ."

"నోర్మూసుకుని పొద్దున్నే బస్టాండుకి రా" అన్నాను. "మీ అక్కకి జడ తొందరగా వేసెయ్యి."

మిల్లు గేటు దగ్గర కాపలావాడు మమ్మల్ని చూడగానే, పని అడగడానికి వచ్చిన ఆడవాళ్ళమనుకుని నూలు వడికే వైపు పొమ్మని చెయ్యి చూపించాడు. ఇంజనీరు బయటికొచ్చి ఆ అమ్మాయిని చూశాడు. ఆ అమ్మాయి వెనకాల ఇంకెవరైనా ఉన్నారా అని చూశాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఈ అమ్మాయా?"

"అవును సార్."

"నువ్వు అబ్బాయిని తెస్తావనుకున్నాను." నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "ఇది షిఫ్టుల ఉద్యోగమమ్మా. వారం పగలు, వారం రాత్రి. రాత్రి షిఫ్టులో ఆడవాళ్ళని పెట్టకూడదని చట్టం. నేను పెడతానన్నా ఆఫీసులో ఒప్పుకోరు. పరీక్షకి కూడా కూర్చోబెట్టలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందే ఎందుకు చెప్పలేదని అరిచాను. చేతులు కావాలన్నారు, చేతులే తెచ్చాను, ఇప్పుడు గాజులున్న చేతులు వద్దంటారా అన్నాను. మిషన్లు తుడిచేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, అందుకే నా కోపం ఎక్కడా ఆనలేదు. "నువ్వు అడగలేదు, నాకు తట్టలేదు" అన్నాడు చిన్నగా. "వచ్చారు కదా. ఈ గంట మీదే. ఊరికే ఎందుకు పోవాలి?"

పద పోదాం అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. ఆ అమ్మాయికి అంతా వినబడింది. నా చెయ్యి విడిపించుకుని, ఆయన్ని తమిళంలో అడిగింది.

"మెట్టు చెడగొట్టి పెట్టారా సార్?"

ఆయన తల ఊపాడు. ఆ అమ్మాయి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. చెప్పులు ముందే బయట విడిచి వచ్చింది. కేబుల్ అందుకుని పెట్టెకి గుచ్చింది. లోపల టిక్కుమనేదాకా నొక్కింది. పెట్టెలో ఉన్న నిచ్చెనని తెర మీదికి ఎక్కించింది. పైనుంచి ఒక్కో మెట్టు చదువుతూ దిగింది, పెదవులు కదుపుతూ, తలలో పేలు చూసినంత ఓపికగా. ఒకచోట వేలు ఆగింది. తలుపు మూసి ఉంటే నడవాల్సిన మోటారుని, తలుపు తెరిచి ఉంటే నడిచేట్టు తిప్పి పెట్టాడు ఆయన. ఆ అమ్మాయి సరిచేసింది. దింపడం మొదలుపెట్టింది. ఎర్రదీపం టపటపా కొట్టుకుంది. నా గుండె కూడా. ఆ అమ్మాయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని దీపం వైపే చూస్తూ ఊరికే కూర్చుంది. దీపం పచ్చగా మారింది. లేచి మీట నొక్కింది. మిషన్ కదిలింది.

ఇంజనీరు మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. జేబులో టెస్టరు తీసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. తర్వాత ఇంకో మెట్టు చెడగొట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఇంకోటి. గంట దాటినా మమ్మల్ని లేవమనలేదు.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మాట్లాడితే ఏడుస్తానని భయం. ఆ అమ్మాయి ముందు సీటు కడ్డీ మీద వేళ్ళతో ఏదో నొక్కుతూ, లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

"ఏమ్మే అది?" అన్నాను చివరికి.

"కేబుల్ ఎంత నొక్కల్లో మరిచిపోకుండా చూసుకుంటా ఉండాను. వాళ్ళకి చెప్పల్ల కదక్కా. ఆ దీపం మన దానికన్నా శానాసేపు కొట్టుకుంటాది. తెలీకుంటే అడిలిపోతారు."

"నీకేమీ లేదే దాంట్లో."

"వాళ్ళకన్నా దొరకనీ."

మరునాడు మేడ మీద ఆ అమ్మాయే పాఠం చెప్పింది. పాడైన మా తాళాన్నీ, ఒక పాత కేబుల్‌నీ పట్టుకుని ఒక్కొక్కడి చేతా గుచ్చించింది. ఎర్రదీపం అని ఒక పిల్లాడి చేత కళ్ళు టపటపా కొట్టించి, వాడి ముందు మిగతావాళ్ళని కదలకుండా కూర్చోబెట్టింది. పెద్దవాడు కూడా వచ్చాడు. మొదట గోడవారన నిలబడ్డాడు, తర్వాత వచ్చి కూర్చున్నాడు. పరీక్షలో వాడికీ, ఇంకొకడికీ ఉద్యోగం వచ్చింది. పెద్దవాడు మిఠాయి తెచ్చి ఆ అమ్మాయి ముందు పొట్లం పెట్టాడు, మొహం మాత్రం చూడలేకపోయాడు.

నేను ఇంకా తిరిగాను. ఆ మిల్లుకే మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను, పగలు మాత్రమే ఉండే పని ఏదైనా ఇవ్వమని. వేరే మిల్లుల గేట్ల దగ్గర నిలబడ్డాను. చాలాచోట్ల మాట పూర్తిగా వినకుండానే రాత్రి షిఫ్టు అన్నారు. పోనీ మన దగ్గరే నాకు తోడుగా పాఠాలు చెప్పనివ్వండి అని మా ఓనరుని అడిగాను. "ఆ తాళం చంపిన పిల్లనా?" అన్నాడు. దీపావళి వచ్చింది. మా వీధిలో రాత్రంతా టపాకాయలు పేలుతూనే ఉన్నాయి. నేను చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను. పండగ వెళ్ళాక ఆ అమ్మాయి రావడం మానేసింది.

బొంబాయి నుంచి కొత్త తాళం వచ్చేసరికి మళ్ళీ ఎండలు మొదలయ్యాయి. వచ్చిన రోజే ఆ పల్లె మీదుగా పోయే బస్సు కండక్టరుతో కబురంపాను. సెలవురోజు చూసుకుని వచ్చింది. కొంచెం చిక్కింది. చేతులు మోచేతుల దాకా వెండి రంగులో మెరుస్తున్నాయి. బాణసంచాలో కలిపే పొడి అది, ఎంత తోమినా గీతల్లోంచి పోదట. నీళ్ళ డ్రమ్ము దగ్గర సబ్బుతో ఒకసారి, పీచుతో ఒకసారి కడుక్కుని లోపలికొచ్చింది. కంప్యూటర్ ముందు కుర్చీ లాగి "కూర్చో" అన్నాను. కూర్చోలేదు.

"వద్దులేక్కా. ఈ పొడి ఒక చిటికెడు లోపలికి పోయిందంటే దీపం గీపం అన్నీ పోతాయి. మళ్ళా నావల్ల చెడిపోవల్నా?"

"చెయ్యి పెట్టు" అన్నాను. ఎప్పుడూ దాని వెనకే వచ్చే మాట నాకు రాలేదు.

ఆ అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని గోడవారన నిలబడింది. కొత్త బ్యాచ్‌లో ఒక ఆడపిల్ల మొదటిసారి నిచ్చెన దింపుతోంది. ఎర్రదీపం కొట్టుకోవడం మొదలైంది. ఆ పిల్ల బెదిరిపోయి కేబుల్ లాగబోయింది.

"లాగొద్దు" అంది ఆ అమ్మాయి వెనక నుంచి, తమిళంలో. "చెయ్యి అట్లాగే పెట్టి ఉంచు. ఏమీ కాదు."

దీపం పచ్చగా మారేదాకా చూసింది. అక్కకి సాయంత్రం జడ విప్పి దువ్వాలని చెప్పి, పొద్దు వాలకముందే బస్సుకి వెళ్ళిపోయింది.